బుగులు కాదన్న రుక్కమ్మ

కొత్తగూడలో రుక్కమ్మ పెరట్లో నిలబడి బర్రెను పిలిస్తే కొండాపురంలో బర్రెలు తలలెత్తేవని చెప్పుకునేవాళ్లు. అందులో సగం ఎచ్చులే కావచ్చు. ఆమెది మామూలు గొంతు కాదన్నది మాత్రం అబద్ధం కాదు. పుట్టిల్లు రాయదుర్గం. చుట్టూ రాళ్లగుట్టలు, గుట్టల సందుల్లో సీతాఫలం చెట్లు. కాయ కోయడానికి పోయిన ఆడపిల్లలకు ఒకళ్లకొకళ్లు కనబడరు, అరుపును బట్టే ఒకళ్ల జాడ ఒకళ్లకు తెలిసేది. అక్కడ పెరిగిన పిల్లకు మెల్లగా మాట్లాడటం ఎక్కడి నుంచి వస్తుంది? పెళ్లయిన కొత్తలో అత్త నీలమ్మ, "జర మెల్లగ బిడ్డా, మనింట్ల పచ్చిపులుసని ఊరంత ఎరుకజేస్తవా" అంటే, కోడలు ఇంకో పిసరు పెంచి, "పచ్చిపులుసే గదత్తా, దొంగసొమ్మా" అనేదట. భర్త బాలనర్సయ్య నోట్లోంచి మాట రావడమే అరుదు. ఇద్దరి వంతూ ఆమే మాట్లాడేస్తుంటే తనకింక మిగిలేదేముందని నవ్వేవాడు.

ఆ గొంతుకు ఊళ్లో ఒక ఉద్యోగం ఉండేది. జొన్నకంకులు పాలుపోసుకునే రోజులొస్తే మంచె రుక్కమ్మదే. తమ చేను, పక్కనే మరిది ఎల్లేశం చేను, ఆ అవతల మరో ఇద్దరివి, అన్నింటికీ ఆ ఒక్క మంచే. చేతిలో వడిసెల ఉండేది గానీ రాయి విసిరే పని తక్కువ. హోయ్ అని ఒక్క అరుపు అరిస్తే పిట్టలు లేచిపోయేవి. పొద్దున ఎక్కితే పొద్దుగూకేదాకా అరుస్తూనే ఉండేది. ఊరివాళ్ల చెవులకు ఆ అరుపు గాలి చప్పుడులాగా అలవాటైపోయింది.

యూనియన్‌కు స్వతంత్రం వచ్చినా ఇక్కడ ఇంకా నిజాం రాజ్యమే నడుస్తున్న ఏడది. లెవీ గల్లా బాధ అందరి మెడకూ చుట్టుకుంది. పండిన దాంట్లో సర్కారు వాటా కొలవాలని, కొలిచాక మిగిలింది తినాలని హుకుం. కొలిస్తే మిగిలేది పిల్లల కంచాల్లోకే చాలదు. అందుకని ప్రతి ఇంటివాళ్లూ కొంత జొన్న పాతరలో దాచేవాళ్లు. పాతరంటే భూమిలో లోతుగా తవ్విన గొయ్యి. నోరు మూసి పైన మట్టి కప్పి పేడతో అలికితే అక్కడ గొయ్యి ఉన్నట్టు ఎవరికీ తెలియదు. తిండికి గింజలు తీయడానికి తెరిచినప్పుడే భయమంతా. ఆ సమయానికి లెవీ వసూలు చేసే సర్కారు అధికారి గిర్దావరు జవాన్లను వెంటేసుకుని ఊడిపడితే గింజలూ పోతాయి, వీపులూ పగులుతాయి.

కాపలాకు ఉపాయం చెప్పింది రుక్కమ్మే. మంచె మీద నుంచి బాట బాగా కనబడుతుంది. కానీ మనిషిని చూసి అరిస్తే గిర్దావరుకూ వినబడుతుంది, ఎవరికో కబురు పోతోందని వాడికి తెలిసిపోతుంది. అదే, అరుపు ఆగితే? ఆగిన అరుపును ఊరిబయటివాడెవడు పట్టించుకుంటాడు? రుక్కమ్మ అరుస్తున్నంతసేపూ ఫికర్ లేదు, అరుపు ఆగిందా పాతర మూసేయాలి, ఇదీ ఒప్పందం. ఎల్లేశం విని, "మా వదినె నోరు మూసుకుంటే ఊరు బతుకుతదన్నమాట" అని పడీపడీ నవ్వాడు.

ఆ ఉపాయం బాగానే పనిచేస్తూ వచ్చింది. ఒకరోజు పని చేయలేదు. ఎల్లేశం పాతర తెరిచి లోపలికి దిగాడు. గుర్రమెక్కిన గిర్దావరు, వెనక జవాన్లు బాట మలుపులో కనబడ్డారు. మంచె మీద అరుపు ఆగింది. ఎల్లేశం గింజల బుట్ట వదిలేసి పైకి రాబోయాడు. అంతలో మళ్లీ హోయ్ మని అరుపు వినబడింది. వదినె నీళ్లు తాగడానికి ఆగిందేమోలే అనుకుని మళ్లీ లోపలికి దిగాడు. జవాన్లు వచ్చేసరికి నడుందాకా గోతిలో ఉన్నాడు. జొన్న మొత్తం పోయింది. జవాన్ల దెబ్బలకు ఎల్లేశం మోకాలు పగిలింది. కట్టు కట్టించారు గానీ ఎముక సరిగ్గా అతకలేదు. నాగలి పట్టాల్సిన మనిషి అరుగు మీద కూర్చుని తాళ్లు పేనుకోవాల్సి వచ్చింది.

మర్నాడు రుక్కమ్మ బర్రెను పిలవబోతే నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

మొదట జలుబన్నారు. వస అరగదీసి నాలుకకు రాశారు, మిరియాల కషాయం తాగించారు. తర్వాత గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టారు, దర్గాకు తీసుకుపోయి ఊదు వేయించారు. గుసగుస తప్ప గొంతు రాలేదు. చివరకు నీలమ్మే ఒక మాట తేల్చింది. పిల్ల జవాన్లను చూసి బుగులుపడ్డది, ఆ బుగులులో ఏం చేస్తున్నదో తెలియక, ఆపిన అరుపు మళ్లీ ఒర్రింది, ఆ బుగులే గొంతులో కూర్చుంది. బుగులన్నా భయమన్నా ఒకటే గానీ, ఒంట్లోకి దిగి కూర్చునే భయాన్ని అక్కడ బుగులంటారు. ఈ మాట ఊరికి నచ్చింది. అన్నదమ్ముల ఇళ్ల మధ్య గోడ లేవకుండా ఆపే మాట మరి. ఎల్లేశం కూడా, "వదినె ఏం జేస్తది, బుగులైంది" అనేవాడు. అతని భార్య చంద్రమ్మ తన ఏరాలికి, అంటే తోడికోడలికి, గంజి తెచ్చిచ్చి, "అక్కా, నీ మనసుల పెట్టుకోకు, నువ్వు కావాల్నని చేసినవా" అని వీపు నిమిరేది.

అట్లా నిమిరినప్పుడల్లా రుక్కమ్మకు ఒళ్లు మండేది. బుగులు కాదు అని గుసగుసగా చెప్పబోతే, ఊకో అక్కా గొంతు నొస్తది అనేవాళ్లు. గట్టిగా చెప్పలేని మనిషి మాట ఎవరు నిలబడి వింటారు? తను పడని భయాన్ని తెచ్చి ఊరంతా తన మెడలో వేసింది. తీసి పారేద్దామంటే గొంతు లేదు.

పోలీసు యాక్షన్ అయిపోయి రాజ్యం మారాక లింగంపల్లి స్టేషను దగ్గర ఒక ధర్మ దవాఖాన తెరిచారు. నడిపే పెద్ద డాక్టరమ్మ బెజవాడ వైపు మనిషి. యుద్ధకాలంలో మిలిటరీ ఆసుపత్రిలో పనిచేసింది. బాంబుల మోతకు మాట పడిపోయిన సిపాయిలను మందూ మాకూ లేకుండా కూర్చోబెట్టి మాట్లాడించి నయం చేయడం అక్కడ నేర్చుకుంది. ఆ సంగతి విని బాలనర్సయ్య భార్యను తీసుకుపోయాడు. డాక్టరమ్మ గొంతులో అద్దం పెట్టి చూసి, లోపల జబ్బేమీ లేదంది, వారానికొకసారి వచ్చి మాట్లాడి పొమ్మంది. మాట్లాడాల్సింది మాత్రం తనతో కాదు, తన దగ్గర ఈ పని నేర్చుకుంటున్న సీతాబాయి అనే అమ్మాయితో. ఆ అమ్మాయి ఏం వింటోందో తను చూసుకుంటుంటానని కూడా చెప్పింది. అంతా గడగడా కోస్తా మాటల్లో చెప్పడంతో రుక్కమ్మ సగం విని తలూపింది.

సీతాబాయిది పట్నం. ఇరవై దాటాయో లేదో, చీర కుచ్చిళ్లు సర్దుకోవడమే ఇంకా పూర్తిగా రానట్టుండేది. ఆమెను చూడగానే రుక్కమ్మకు కోపం నెత్తికెక్కింది. బాలనర్సయ్య చెవి దగ్గరకు వంగి, "పాలు పిండుడు నేర్చుకుంటందుకు ముసలి బర్రెను కట్టేసినట్టు నన్ను ఈ పిల్లకు కట్టేసిన్రా" అంది. గుసగుసే అయినా గదంతా వినబడింది. సీతాబాయి మొహం ఎర్రబడింది గానీ, "తన్నకుంటే చాలు చిన్నమ్మా" అంది. రుక్కమ్మకు నవ్వొచ్చింది, ఆపుకుంది.

సోమవారం సోమవారం పోవడం మొదలైంది. దారిలో ఏదైనా అయితే కేక కూడా వేయలేని మనిషని నీలమ్మ తోడుగా చంద్రమ్మను పంపేది. చంద్రమ్మ బయట వరండాలో కూర్చునేది. లోపల వీళ్లిద్దరూ. పక్కగది తలుపు ఓరగా తెరిచి ఉండేది, దానికో పరదా. ఊరికే కూర్చోవడం రుక్కమ్మకు చేతకాదు. మోదుగాకులు మూటగట్టుకుపోయి అక్కడే విస్తర్లు కుట్టేది. ఖాళీగా చూస్తూ కూర్చోలేక సీతాబాయి కూడా ఒక పుల్ల అందుకునేది. ఆమె కుట్టిన విస్తరిలో అన్నం పెడితే చారు ఊరు దాటిపోతుందని రుక్కమ్మ ఎగతాళి చేసేది.

ఈ పిల్లలో ఒక గుణం ఉందని ఆమెకు మెల్లగా తెలిసొచ్చింది. మధ్యలో అందుకోదు. గుసగుస వినబడకపోతే దగ్గరికి జరుగుతుంది గానీ, చాల్లే అర్థమైందనదు. రుక్కమ్మ గుట్టల సంగతులు చెప్పింది, పిట్టల సంగతులు చెప్పింది. బుగులు కాదని కూడా చెప్పింది. సీతాబాయి ఊకొట్టి, మరేందని అడగబోయి, గోడ మీది గడియారం చూసి ఆగిపోయింది. ఆనాటికి సమయం అయిపోయింది.

ఆ మరుసటి సోమవారం కూర్చోగానే అడిగింది. "జవాన్లను చూడగానే మీకు భయమేసిందా? ఒళ్లు వణికిందా? ఆ వణుకు ఇప్పుడు కూడా తెలుస్తుందా?"

రుక్కమ్మ చేతిలో పుల్ల ఆగింది. అడిగింది ఈ పిల్లే. కానీ వరసగా, కంఠతా పట్టినట్టు అడిగింది. అడిగేటప్పుడు ఆమె కళ్లు విస్తరి మీదా లేవు, తన మీదా లేవు, పరదా వైపున్నాయి.

"ఈ మాటలు నీయి గావు బిడ్డా. ఎవలు నేర్పిన్రు?"

సీతాబాయి అబద్ధం చెప్పలేదు. ప్రతి వారం మీరు పోయాక అంతా డాక్టరమ్మకు అప్పజెప్తాను, వచ్చే వారం ఏం అడగాలో ఆమె చెప్తుంది, నేర్చుకునే పద్ధతే ఇది అంది. రుక్కమ్మ విస్తరి కింద పెట్టింది. లేచి పీట తిప్పుకుని, సీతాబాయికి వీపు పెట్టి, పరదాకు ఎదురుగా కూర్చుంది.

"ఇటు రా డాక్టరమ్మా. దొంగచాటున ఇనుడెందుకు, మొఖం మీదనే ఇను."

పెద్ద డాక్టరమ్మ పరదా తీసి వచ్చింది. మొహంలో కోపం లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, దొంగచాటు కాదమ్మా, మొదటిరోజే చెప్పాను కదా అంది. ఈ అమ్మాయి ఇంకా నేర్చుకుంటోంది, తప్పు చేస్తే బాధపడేది మీరు, దిద్దాల్సింది నేను, ఏం విందో తెలియకపోతే ఎట్లా దిద్దను అంది. రుక్కమ్మ ఆలోచించింది. ఆ మాటలో తప్పు కనబడలేదు.

"ఇనుడు వద్దంటలేను. ఇన్నది ఇన్నట్టు చెప్పిందా ఈ పిల్ల? బుగులు గాదని నేనన్న. చెప్పిందా?"

"చెప్పిందమ్మా. భయం లేదన్నవాళ్ల లోపలే ఎక్కువ భయం ఉండటం నేను చూశాను. యుద్ధంలో ఎంతోమంది సిపాయిలు..."

"సిపాయిల సంగతి సిపాయిలకు. నేను మంచె మీద ఉన్న."

డాక్టరమ్మ సీతాబాయి వైపు చూసింది. ఇది చిన్నపిల్ల మోసే బరువు కాదేమో, వచ్చే వారం నుంచి నేనే కూర్చుంటానంది. సీతాబాయి తల వంచుకుంది. ఆ వంచుకోవడం చూస్తే రుక్కమ్మకు గొంతు పోయాక నీలమ్మ ముందు నిలబడ్డ తనను తాను చూసుకున్నట్టయింది. గుసగుసతోనే ఆమె గట్టిగా మాట్లాడగలదని ఆ గదిలో వాళ్లకు అప్పుడే తెలిసింది.

"వద్దు. మీరు పెద్దోళ్లు, మీకు జవాబు ముందుగాలనే ఎరుక. మా అత్తకు గూడ ఎరుకనే, మా ఊరందరికీ ఎరుకనే. ఈ పిల్లకు తెల్వదు. తెల్వదు గాబట్టే అడుగుతది. నాకు ఈ పిల్లనే కావాలె. మీరిస్తె ఇయ్యుండ్రి, లేకుంటె నా గొంతు లేకుంటనే నేను బతుకుత."

సీతాబాయి ఇంకా తల ఎత్తలేదు గానీ మెల్లగా అంది, "మేడం, నేను ఈమె మాట నమ్ముతున్న. బుగులు లేదనే నమ్ముతున్న."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ మాట ఆమెకు నచ్చిందో లేదో మొహం చెప్పలేదు. లేచి, "వినడం మాత్రం మానను. ఈ అమ్మాయి బాధ్యత నాది. ప్రశ్నలు మాత్రం ఇక నేను చెప్పను. ఆమే తనకు తోచినట్టు అడుగుతుంది" అని, పరదా ఎప్పట్లాగే వదిలి పక్కగదిలోకి పోయింది.

ఏం అడగాలో సీతాబాయికి తోచలేదు. చెప్పేవాళ్లు లేకపోయేసరికి చేతులు ఖాళీ అయినట్టయింది. ఒక ఆకు తీసి పుల్ల గుచ్చింది, ఆకు చిరిగింది. ఇంకో ఆకు తీసింది. చాలాసేపటికి అడిగింది.

"అప్పుడు మీ కండ్ల ముందర ఏమున్నది చిన్నమ్మా?"

ఈ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. రుక్కమ్మ పీట మళ్లీ ఇటు తిప్పుకుంది. ఆనాడు మంచె మీద నుంచి గుర్రాన్ని చూశానని చెప్పింది. అది గిర్దావరు గుర్రమేనని గుర్తుపట్టింది, దాని నుదుటి మీది తెల్లమచ్చ కూడా చూసింది. చూసి అరుపు ఆపింది. పెదవులు బిగబట్టుకుని, గుండెలు ఏమాత్రం అదరకుండా నిలబడింది. ఎల్లేశం పాతర మూస్తుంటాడు, గిర్దావరు ఉత్త చేతులతో పోతాడని లోపల నవ్వుకుంటోంది కూడా. సరిగ్గా అప్పుడు రాయదుర్గం గుట్టల వైపు నుంచి చిలుకల దండు వచ్చింది. పచ్చటి గుడ్డ పరిచినట్టు చేను మీద దిగింది. పాలకంకులు పటపటమని విరుగుతున్నాయి. ఊహ తెలిసినప్పటి నుంచి చిలుక దిగితే ఆ గొంతు అరిచింది. ఆనాడూ అరిచింది. అరిచాకే తను అరిచానని ఆమెకు తెలిసింది.

"బుగులైతే ఆ అరుపు ఎవ్వరిది గాదు. పిశాచిది, జవాన్లది, నా తలరాతది. బుగులు గాదు. నేనే ఒర్రిన. నా చేను, నా గొంతు, నా ఒర్రుడు. ఎల్లేశం కాలు ఇరిగింది దానికే. నన్ను తిడుదామంటె మా ఏరాలికి నోరు రాకుంట జేసిన్రు అందరు గూడి. పాపం పాపమని వీపు రాస్తది. అది నా వీపు రాసినప్పుడల్ల నేను లేనట్టే అయితది బిడ్డా."

మీ తప్పేం లేదనబోయి సీతాబాయి నోరు తెరిచి, ఎందుకో మూసుకుంది. ఆ మాట అనకపోవడమే ఆనాడు ఆమె నేర్చుకున్న విద్య. వరండా వైపు చూసి, చంద్రమ్మకు ఇది తెలుసా అని మాత్రం అడిగింది. రుక్కమ్మ ఆకులు మూటగట్టుకుంది.

ఇంటికి పోతూ రుక్కమ్మ, చంద్రమ్మ కొండాపురం దాటారు. రాళ్ల నడుమ బాట ఇరుకైన చోట చంద్రమ్మ మాట మొదలుపెట్టింది. లోపల ఏదో గొడవైనట్టున్నదక్కా, ఎందుకు పరేషానయితవ్, బుగులుతోని అయిందానికి అని చెయ్యి వీపు మీద వేయబోయింది.

రుక్కమ్మ పక్కకు తప్పుకుంది. "బుగులు గాదే చంద్రమ్మా."

ఆ మాట గుసగుసగా రాలేదు. బొంగురుగా, పగిలిన కుండలా, కానీ గొంతుతో వచ్చింది. చంద్రమ్మ మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ పట్టుకుని, గొంతొచ్చిందక్కా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. రుక్కమ్మ ఆ చేతులు విడిపించుకుంది. గొంతు సంగతి తర్వాత, ముందు నేను చెప్పేది విను అని, గుర్రం నుంచి చిలుకల దాకా ఒక్కటీ విడవకుండా చెప్పింది.

చంద్రమ్మ వింటూ వింటూ నిలబడిపోయింది. మొహంలో వెలుగు కొంచెం కొంచెంగా ఆరిపోయింది.

"చిలుకలకా?"

"చిలుకలకే."

"నా మొగని కాలు చిలుకల పాలు జేసినవా నువ్వు? ఇన్ని దినాలు నిన్ను చూసి ఏడ్చిన గదనే. గంజి కాచి పోసిన గదనే."

"నేనడిగిన్నా పొయ్యమని?"

అంతే, మొదలైంది. చంద్రమ్మ ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండా తిట్టింది. ఇన్నాళ్లూ నీలమ్మ మూత పెట్టిన తిట్లన్నీ పొంగి బయటికొచ్చాయి. విరిగిన మోకాలు, పోయిన జొన్న, దున్నకుండా పడున్న చేను, అరుగు మీద తాళ్లు పేనుకునే మొగుడు, ఒక్కటీ మిగల్చలేదు. రుక్కమ్మ వెనక నడుస్తూ, కాదనాల్సింది కాదంది, అవుననాల్సింది అవునంది. ఎల్లేశం కాలు తన వల్లే పోయిందంటే అవునంది. కావాలని చేశావంటే, "తిట్టు గాని అబద్ధం తిట్టకు" అంది. మాటమాటకూ గొంతు గీరుకుపోయింది, మాటమాటకూ కొంచెం లేచింది. గుట్ట మీద మేకలు కాసేవాళ్లు లేచి నిలబడి చూశారు.

కొత్తగూడ చేరేసరికి ఊరి మొదటి ఇళ్లవాళ్లు అప్పటికే వాకిళ్లలోకి వచ్చేశారు. నీలమ్మ పరుగున ఎదురొచ్చింది. పెద్దకోడలి గొంతు విన్న సంతోషమూ, చిన్నకోడలి తిట్లు విన్న కంగారూ ఒకేసారి పట్టుకుని, ఇద్దరి మధ్యా చేతులు అడ్డంపెట్టి, ఎప్పటి మాటే అందుకుంది. పోనియ్యిండ్రి బిడ్డా, అది బుగులుతోని చేసిన పని.

చంద్రమ్మ అత్త వైపు తిరిగింది. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"బుగులు గాదత్తా. చిలుకలు దిగినయని ఒర్రిందట. ఈమెకు బుగులెక్కడిది? ఎన్నడన్న ఉన్నదా?"

నీలమ్మ చేతులు కిందికి జారాయి. చుట్టూ చేరినవాళ్లు ఏం చిలుకలు, ఏం ఒర్రుడు అని చంద్రమ్మను చుట్టుముట్టారు. రుక్కమ్మ ఆకుల మూట అరుగు మీద పడేసి, కొంగు నడుముకు దోపుకుని, ఆ గుంపు నడుమకు నడిచింది.

"దాన్నెందుకు అడుగుతరు? నన్నడుగుండ్రి, నేను చెప్త."